ప్లాస్టిక్ పీపుల్: పాట వినడం కూడా నేరమైన రోజులు

రాక్ సంగీతం మీద కాస్త ఆసక్తి ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటారు: "చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఒక రాక్ బ్యాండ్ కూల్చేసింది" అని. చెప్పుకోడానికి భలే ఉంటుంది. కానీ నాకు మాత్రం దీని మీద మొదట్నించీ అనుమానమే. గిటార్లు వాయిస్తే ప్రభుత్వాలు పడిపోయేటట్టయితే, మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎన్ని మేనేజ్‌మెంట్లు పడిపోయుండేవో :)

ఆ బ్యాండ్ పేరు ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్. దాన్ని మొదలెట్టినవాడు మిలాన్ హ్లవ్సా. అభిమానులు ముద్దుగా "మేయ్లా" అనేవాళ్ళు. బేస్ గిటార్ వాయించేవాడు, పాటలు కట్టేవాడు, పాడేవాడు. వీళ్ళ గురించి చదివే కొద్దీ నాకు వాయించినవాళ్ళ కంటే వినడానికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ నచ్చడం మొదలైంది. ఈ టపా ముఖ్యంగా వాళ్ళ గురించే.

ముందు కాస్త చరిత్ర. 1968లో చెకొస్లొవేకియాలో దుబ్చెక్ అనే కమ్యూనిస్టు నాయకుడు కాస్త గాలి ఆడనిద్దాం అనుకున్నాడు. పత్రికల మీద సెన్సారు తగ్గింది, నాటకాలు, పాటలు వెల్లువెత్తాయి. ప్రాగ్ వసంతం అంటారు దాన్ని. ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాల ట్యాంకులు దేశంలోకి వచ్చేశాయి. వసంతం అయిపోయింది. సరిగ్గా దాని తర్వాతి నెల, సెప్టెంబరులో, 17 ఏళ్ళ హ్లవ్సా స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టాడు. పేరు ఫ్రాంక్ జప్పా పాట ఒకదాన్నుంచి తీసుకున్నారు. జప్పా, వెల్వెట్ అండర్‌గ్రౌండ్, ఫగ్స్... ఇవీ వాళ్ళకి గురువులు. అమెరికాలోనే పెద్దగా ఎవరూ కొనని రికార్డులు ప్రాగ్‌లో కుర్రాళ్ళకి ప్రాణమయ్యాయన్నమాట.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఆ దేశంలో డబ్బులు తీసుకుని వాయించాలంటే లైసెన్సు ఉండాలి. ఒక కమిటీ ముందు పరీక్ష ఇవ్వాలి. మీ పాటలు, మీ జుట్టు, మీ బట్టలు, మీ బ్యాండ్ పేరు, అన్నీ వాళ్ళకి నచ్చాలి. నచ్చితే ప్రభుత్వమే వాద్యాలిస్తుంది, ప్రాక్టీసుకి చోటిస్తుంది. ట్యాంకులొచ్చాక దేశాన్ని మళ్ళీ "మామూలు స్థితి"కి తెచ్చే కార్యక్రమం మొదలైంది. చాలా బ్యాండ్లు జుట్టు కత్తిరించుకుని, ఇంగ్లీషు పేర్లు మార్చుకుని సర్దుకుపోయాయి. ప్లాస్టిక్ పీపుల్ సర్దుకోలేదు. 1970లో లైసెన్సు పోయింది. దాంతోపాటు వాద్యాలూ పోయాయి, ప్రాక్టీసు గదీ పోయింది.

తర్వాత వాళ్ళు చేసిన పనులు చూస్తే మన ఇంజనీర్లకి ముచ్చటేస్తుంది. బ్యాండ్‌లో యోసెఫ్ యానీచెక్ పాత ట్రాన్సిస్టర్ రేడియోలు విప్పి వాటి భాగాలతో యాంప్లిఫయర్లు తయారు చేశాడని చెప్తారు. ఇక కచేరీలకి దారి చూపించినవాడు ఇవాన్ యిరౌస్. ఈయన కళల చరిత్ర చదువుకున్న మనిషి, బ్యాండ్‌కి గురువూ మేనేజరూ అన్నీ ఆయనే. అందరూ "మాగోర్" అనేవాళ్ళు, అంటే వెర్రిబాగులోడు అని. ఆయనకి కళాకారుల సంఘంలో సభ్యత్వం ఉంది కాబట్టి ఉపన్యాసాలు ఇవ్వొచ్చు. సో, ఆండీ వార్హోల్ చిత్రకళ మీద ఉపన్యాసం అని హాలు తీసుకునేవాడు. కాసేపు స్లైడ్లు చూపించి, "ఇప్పుడు వార్హోల్‌కి సంబంధించిన సంగీతానికి ఉదాహరణ" అని చెప్పి కూర్చునేవాడు. ఆ ఉదాహరణ గంటల తరబడి సాగేది! ఇంతకంటే మంచి వర్క్‌ఎరౌండ్ నేను చూళ్ళేదు.

పాల్ విల్సన్ అనే కెనడా కుర్రాడు ప్రాగ్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాడు. 1970 నుంచి 1972 దాకా వీళ్ళకి ఆయనే గాయకుడు. ఆయన వెళ్ళాక బ్యాండ్ చెక్ భాషలోకి మళ్ళింది. ఎగోన్ బొండి అనే కవి రాసిన కవితలకి (ఆయన కవితలు అచ్చు వేసేవాళ్ళే లేరు) హ్లవ్సా బాణీలు కట్టాడు. వ్రాతిస్లావ్ బ్రాబెనెట్స్ శాక్సఫోన్, యిర్జీ కబెష్ వయోలా, అడుగున హ్లవ్సా బేస్. ఒకే వరస మళ్ళీ మళ్ళీ, బరువుగా, గానుగ తిరుగుతున్నట్టు. వినడానికి హాయిగా ఉంటుందని నేను చెప్పను. ఇందులో ప్రభుత్వం మీద నినాదాలేమీ లేవు. తాగుడు, విసుగు, మలబద్ధకం, దేవుడు, చావు... ఇవీ పాటలు. "మాది రాజకీయ బ్యాండ్ కాదు" అని హ్లవ్సా చివరిదాకా చెప్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అభిమానుల సంగతి. చెక్ భాషలో పొడుగు జుట్టు కుర్రాళ్ళని "మానిచ్కీ" అంటారు. ట్యాంకులు రాకముందే, 1966లోనే, పోలీసులు వీళ్ళ మీద పెద్ద దాడి చేసి వేలమందికి బలవంతంగా జుట్టు కత్తిరించారు. హోటళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. అలాంటివాళ్ళు ఈ కచేరీలకి వెళ్ళేవాళ్ళు. ఎలా వెళ్ళేవాళ్ళో ఊహించండి. పోస్టర్ లేదు, టికెట్ లేదు. ఎక్కడో చివరి నిమిషం దాకా తెలీదు, నోటిమాట మీద నడిచేది. రైలెక్కి ఏదో చిన్న స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి మంచులో, అడవిలో నడుచుకుంటూ ఎవరిదో పల్లెటూరి ఇంటికి చేరుకోవాలి. వెళ్ళినవాళ్ళు దశాబ్దాల తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాల్లో పాటలతో సమానంగా ఆ నడక ఉంటుంది. పక్కన నడిచేవాడు ఎవడో తెలీదు, కానీ ఎక్కడికెళ్తున్నాడో తెలుసు.

1974 మార్చి 30న చెస్కే బుడేయొవిత్సె ఊరి దగ్గర కచేరీ అని వందలమంది వెళ్ళారు. పోలీసులు ముందే కాచుకుని ఉన్నారు. వచ్చినవాళ్ళని స్టేషన్ సొరంగ మార్గంలోంచి తోలుకుపోతూ లాఠీలతో చితకబాది, రైళ్ళలో కుక్కి వెనక్కి పంపేశారు. కొందరు అరెస్టయ్యారు, ఇంకొందర్ని చదువుల్లోంచి తీసేశారు. ఆ రోజు బ్యాండ్ వాయించనే లేదు! దెబ్బలు తిన్నది పాట విననివాళ్ళు, వినడానికి వచ్చినవాళ్ళు. ఇది చదివినప్పుడే నాకు ఈ కథ అసలు ఎవరిదో అర్థమైంది.

అదే ఏడాది సెప్టెంబరు 1న పొస్తుపిత్సెలో "రెండో సంస్కృతి" పేరుతో మొదటి ఉత్సవం పెట్టారు. ఈ రెండో సంస్కృతి అనే ఊహ యిరౌస్‌ది. ప్రభుత్వ సంస్కృతిని ఓడించాలనో దాని కుర్చీలో కూర్చోవాలనో కాదు, దాన్ని పట్టించుకోకుండా పక్కన మనది మనం కట్టుకుందాం అని. రెండో ఉత్సవం 1976 ఫిబ్రవరి 21న బొయనొవిత్సెలో, యిరౌస్ పెళ్ళి సందర్భంగా. పెళ్ళి భోజనానికి పిలిస్తే చట్టం ఏమంటుంది చెప్పండి?

అనింది. మార్చిలో ఇళ్ళ మీద పడి సంగీతకారుల్నీ, స్నేహితుల్నీ అరెస్టు చేశారు. టేపులు, ఫిల్ములు, నోటు పుస్తకాలు పట్టుకెళ్ళారు. వందమందికి పైగా అభిమానుల్ని పిలిచి ప్రశ్నించారు. హ్లవ్సా కొన్ని నెలలు లోపల ఉండి కేసు లేకుండా బయటికొచ్చాడు. సెప్టెంబరులో ప్రాగ్‌లో విచారణ. నేరం: శాంతిభద్రతలకి భంగం. యిరౌస్‌కి 18 నెలలు, డీజీ 307 అనే మరో బ్యాండ్ కవి పావెల్ జాయీచెక్‌కి 12 నెలలు, బ్రాబెనెట్స్‌కీ, పాటలు పాడే పాస్టర్ స్వాతోప్లుక్ కరాసెక్‌కీ చెరో 8 నెలలు.

(ఇదేదో ఇనుప తెర వెనక మాత్రమే జరిగేదనుకోకండి. అదే 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో మన ఆకాశవాణి కిశోర్ కుమార్ పాటలు ఆపేసింది, ప్రభుత్వ ప్రచార కార్యక్రమానికి పాడనన్నాడని.)

విచారణ జరుగుతుంటే కోర్టు వరండాల్లో వింత జనం పోగయ్యారు. పొడుగు జుట్టు కుర్రాళ్ళ పక్కనే కళ్ళద్దాల ప్రొఫెసర్లు, పదవులు పోయిన మాజీ కమ్యూనిస్టులు, రచయితలు. అందులో వాత్స్‌లావ్ హావెల్ ఒకడు. నాటకాలు నిషేధించబడ్డ రచయిత. ఆ ఏడాది మొదట్లోనే యిరౌస్ ఆయనకి ఒక డొక్కు టేప్ రికార్డర్ మీద ఈ పాటలు వినిపించాడు. హావెల్‌కి తట్టింది సింపుల్ విషయం: ఇవాళ రాజకీయాలతో సంబంధం లేని కుర్రాళ్ళని తమకి నచ్చినట్టు బతికినందుకు జైల్లో పెడితే, రేపు ఎవర్నైనా పెట్టొచ్చు. ఆ వరండాలో కలిసినవాళ్ళే 1977 జనవరిలో "చార్టర్ 77" ప్రకటన బయటపెట్టారు. ప్రభుత్వం హెల్సింకీలో సంతకం పెట్టిన మానవ హక్కుల్ని అమలు చేయమని అడిగారు, అంతే. మొదట సంతకం చేసినవాళ్ళు 240 మంది పైచిలుకు. ముగ్గురు ప్రతినిధుల్లో ఒకరైన తత్వవేత్త యాన్ పాతొచ్కా వరస విచారణల తర్వాత ఆ మార్చిలోనే ఆస్పత్రిలో చనిపోయాడు. ఆయన వయసు 69.

ఇక్కడే మనలాంటివాళ్ళం ఆగి చూడాల్సిన సంగతి ఇంకోటుంది. అదే జనవరి చివర్లో దేశంలోని పేరున్న నటుల్ని, గాయకుల్ని, కళాకారుల్ని నేషనల్ థియేటర్‌కి పిలిపించి చార్టర్‌కి వ్యతిరేకంగా ఒక పత్రం మీద సంతకాలు పెట్టించారు. చాలామందికి చార్టర్‌లో ఏముందో కూడా తెలీదు. ఎందుకంటే దాన్ని ఏ పత్రికా అచ్చెయ్యలేదు. చదవని దాన్ని ఖండిస్తూ సంతకం పెట్టారు. వాళ్ళంతా దుర్మార్గులు కారు. పిల్లలు, ఇల్లు, రేపటి షూటింగ్... "నాకెందుకొచ్చిన గొడవ, నా పని నేను చేసుకుంటా" అనుకున్నవాళ్ళు. మన ఆఫీసుల్లో రోజూ వినపడే మాటే ఇది. నేనూ అంటాను. తమాషా ఏంటంటే హ్లవ్సా కూడా సరిగ్గా అదే మాటన్నాడు: నాకు రాజకీయాలొద్దు, నా పని నన్ను చేసుకోనివ్వండి అని. ఒకే మాట. ఒకళ్ళు దాన్ని సంతకం పెట్టడానికి వాడుకున్నారు, ఇంకొకళ్ళు సంతకం పెట్టకపోవడానికి. తేడా ఎక్కడుందీ అంటే, తన పని ఏమిటో ఎవరు నిర్ణయించాలి అన్న దగ్గర. నాకు అర్థమైనంతలో ఈ కథంతా ఈ ఒక్క ప్రశ్నే.

మరి పాటలు ఎలా బతికాయి? టేపుల మీద. పల్లెటూరి ఇళ్ళల్లో, కోటల్లో దొంగచాటుగా రికార్డు చేసి, ఒకరి దగ్గర్నించి ఇంకొకరు కాపీ చేసుకుంటూ పోయారు. కాపీకి కాపీ, దానికింకో కాపీ. ప్రతిసారీ కాస్త రొద పెరిగేది, కాస్త పాట తగ్గేది. ఐదో కాపీ దగ్గర మాటలు సగమే వినపడితే మిగతా సగం గుర్తుంచుకుని పూరించుకోవాలి. కానీ సర్వర్ ఒక్కచోట లేదుగా, పోలీసులు దేన్నని ఆపుతారు? ఒక టేపు సరిహద్దు దాటి 1978లో పశ్చిమ యూరప్‌లో ఎల్పీ రికార్డుగా వచ్చింది. పేరు "ఈగన్ బాండీస్ హ్యాపీ హార్ట్స్ క్లబ్ బ్యాన్డ్". బీటిల్స్ తెలిసినవాళ్ళకి ఆ పేరులో వెటకారం అర్థమయ్యే ఉంటుంది. 1989 తర్వాత సీడీలుగా వచ్చిన వీళ్ళ సంగీతంలో చాలా భాగం అప్పటి ఇంటి రికార్డింగులే. అంటే ఆ బ్యాండ్‌కి బ్యాకప్ అభిమానులేనన్నమాట.

కథ మొత్తం తెల్లగా లేదు, అదీ చెప్పాలి. బ్రాబెనెట్స్‌ని పోలీసులు వేధించి వేధించి 1982లో దేశం వదిలేలా చేశారు, కెనడా వెళ్ళిపోయాడు. కవి బొండి పేరు తర్వాత రహస్య పోలీసుల ఫైళ్ళలో వాళ్ళ సహకారిగా తేలింది. ఎవరి మాటలు పాడినందుకు ఇంతమంది దెబ్బలు తిన్నారో ఆయన! అభిమానుల్లో కొంతమంది దాన్ని ఇప్పటికీ మింగలేకపోతున్నారు. కొంతమంది కవితలు వేరు, మనిషి వేరు అంటారు. 1988లో బ్యాండ్ కూడా లోపలి గొడవలతో విడిపోయింది. అదీ ఎప్పుడు? స్వేచ్ఛ రావడానికి సరిగ్గా ఏడాది ముందు.

1989 నవంబరులో ప్రభుత్వం పడిపోయింది. ట్యాంకుల వల్లా కాదు, గిటార్ల వల్లా కాదు. మాస్కో చేతులెత్తేసింది, ప్రాగ్ వీధుల్లోకి లక్షలమంది వచ్చారు. డిసెంబరు 29న హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు. కొద్ది వారాలకే ఫ్రాంక్ జప్పా ప్రాగ్ వచ్చాడు. హావెల్ కోరిక మీద చార్టర్ ఇరవయ్యేళ్ళ సందర్భంగా 1997లో బ్యాండ్ మళ్ళీ కలిసింది, బ్రాబెనెట్స్ తిరిగొచ్చాడు. 1998లో హ్లవ్సా తన చిన్నప్పటి దేవుడు, వెల్వెట్ అండర్‌గ్రౌండ్ లూ రీడ్ పక్కన నిలబడి వైట్‌హౌస్‌లో వాయించాడు. 2001 జనవరి 5న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. యాభై కూడా నిండలేదు.

ఆ రోజుల్లో చెక్ జనంలో ఎక్కువమంది ఈ బ్యాండ్ పాట ఒక్కటి కూడా వినలేదు. విన్నది కొద్దిమంది. ఆ కొద్దిమందీ ఏమీ గొప్ప పనులు చెయ్యలేదు. రైలెక్కారు, నడిచారు, విన్నారు, టేపు కాపీ చేసి పక్కవాడికిచ్చారు. విప్లవం చేస్తున్నామని వాళ్ళనుకోలేదు. అయినా ఆ కాస్త పని ఎవరో ఒకరు మానకుండా చేస్తూ ఉండబట్టే, విచారణ రోజున కోర్టు వరండా ఖాళీగా లేదు.

వినాలనుకుంటే "హ్యాపీ హార్ట్స్"తో మొదలెట్టండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట వినండి. మొదటిసారి తలనొప్పి వస్తుంది, కంగారు పడకండి, అది మామూలే :) రెండోసారికి ఆ బేస్ వరస పట్టుకుంటుంది. రికార్డింగ్ నాసిగా ఉందని మాత్రం అనకండి. ఆ రొద వెనక ఎంతమంది చేతులున్నాయో ఇప్పుడు మీకు తెలుసుగా.