మన బండకు 250 కోట్ల ఏళ్లు

జూబ్లీ హిల్స్ చరిత్ర చెప్పమంటే చాలామంది 1963 దగ్గర మొదలుపెడతారు. చల్లగళ్ల నరసింహం గారు ఈ గుట్టల మీద ఒక కాలనీని ఊహించడం, ఆయన ఇల్లు చాలాకాలం ఒంటరిగా ఉండటం, రాత్రిపూట ఇటు రావడానికి జనం జంకడం. ఆ కథను నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ సంచికలోనే రాస్తున్నారు. సంపాదక మిత్రులు నన్ను అడిగింది చరిత్ర వ్యాసం కాబట్టి నేను ఇంకొంచెం వెనక్కి, సుమారు 250 కోట్ల సంవత్సరాల వెనక్కి వెళ్తాను. కంగారు పడకండి, భోజనాల వేళకు తిరిగి వచ్చేస్తాను.

మన ఆటస్థలం మూలనున్న బండ వయసు అది. కబడ్డీలో ఓడినవాళ్లు అలిగి ఎక్కి కూర్చునే బండ. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు అనుకుంటే, అందులో సగానికి పైగా ఈ రాయి చూసింది. ఈ సంగతి నాకు బడిలో తెలియలేదు. తప్పు మన సార్లది కాదు, సిలబస్‌లో శిలలకు ఇచ్చింది రెండు పేజీలే. డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రంతో పాటు కెమిస్ట్రీకి బదులు జియాలజీ తీసుకున్నాను. ఇంట్లో 'రాళ్ల చదువు' అని పేరు పెట్టారు. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో, వారానికి ఒక మధ్యాహ్నం, ఆ రాళ్ల చదువు మొదలైంది.

ల్యాబ్ అంటే బర్నర్లు, గాజు గొట్టాలు ఊహించుకోవద్దు. పొడవాటి బల్లలు, చెక్క ట్రేలు, ప్రతి రాయి మీద తెల్ల పెయింటు చుక్క, దానిపై నల్ల సిరాతో నంబరు. పరికరాలు చూస్తే నవ్వొస్తుంది: మన గోరు, ఒక రాగి నాణెం, జేబు కత్తి, గాజు ముక్క, మెరుగు లేని పింగాణీ పలక, అయస్కాంతం, భూతద్దం. వీటితోనే ఖనిజం పేరు చెప్పాలి. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త పది ఖనిజాలను మెత్తదనం నుంచి గట్టిదనానికి వరుసలో పెట్టాడు. టాల్క్ ఒకటి, జిప్సం రెండు, ఆ తర్వాత పెరుగుతూ క్వార్ట్జ్ ఏడు, వజ్రం పది. గోరు రెండున్నర దాకా గీస్తుంది, కత్తి అయిదున్నర దాకా. గోరుకు గీత పడితే ఒక దారి, కత్తికీ లొంగకపోతే ఇంకో దారి. రెండు వందల ఏళ్లు దాటినా ఈ పద్ధతి ఇంకా ప్రతి కాలేజీలో నడుస్తోంది. చవకగా ఉండి, అబద్ధం చెప్పకపోవడమే కారణమని నా అభిప్రాయం.

రంగును నమ్మొద్దని మొదటి రోజే చెప్పారు. నల్లగా, ఉక్కులా మెరిసే హెమటైట్‌ను పింగాణీ పలక మీద గీస్తే కుంకుమ ఎరుపు గీత పడుతుంది. బంగారంలా మెరిసే పైరైట్ గీస్తే నల్లటి గీత. పెళ్లిచూపులకు వెళ్లేవాళ్లంతా ఒక పింగాణీ పలక పట్టుకెళ్లాలని మా బ్యాచ్‌లో ఒక జోకు ఉండేది.

ట్రేలలో తెలుగు నేలంతా ఉండేది. గూడూరు వైపు అభ్రకం, మంగంపేట బెరైటీస్, సింగరేణి బొగ్గు, కడప బండ. కడప బండ మీద పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుసమని నురగ వస్తుంది. అది సున్నపురాయి కావడమే దానికి కారణం. మన వంటింటి గట్టు మీద నిమ్మరసం పడితే మరక పోదని అమ్మలు గొణగడం వెనక ఉన్న రసాయనం కూడా అదే. తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైట్‌కు 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు అక్కడి ఖోండుల పేరు పెట్టాడు. చార్నకైట్ పేరు మాత్రం కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయి నుంచి వచ్చింది. ఒక రాయికి గిరిజనుల పేరు, పక్క రాయికి కంపెనీ ఉద్యోగి పేరు. ట్రేలో మాత్రం రెండూ పక్కపక్కనే ఉండేవి.

వజ్రం సంగతి అడుగుతారని తెలుసు. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. ఇక్కడ జరిగింది బేరం మాత్రమే. అవి కృష్ణా తీరంలో కొల్లూరు లాంటి చోట్ల గులకరాళ్లలో దొరికేవి. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో వెళ్లి చూసి రాశాడు. జూబ్లీ హిల్స్‌లో పునాది తవ్వితే వజ్రం దొరకదు. ఇక్కడి వజ్రం గజం ధరే.

రెండో టర్ములో సూక్ష్మదర్శిని ఇచ్చారు. రాతి ముక్కను గాజు పలకకు అతికించి, ఒక మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి, అంటే 0.03 మిల్లీమీటర్లకు, అరగదీస్తారు. అప్పుడు గ్రానైట్ గుండా వెలుతురు వస్తుంది. 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండులో హెన్రీ సార్బీ ఈ పని మొదలుపెడితే, కొండలను సూక్ష్మదర్శినితో చూస్తాడట అని నవ్వినవాళ్లున్నారు. ఒక మధ్యాహ్నం నా ముందు పెట్టిన గాజు పలక మీద 'బంజారా కొండలు' అని రాసి ఉంది. అందులో క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి, బూడిద తెలుపులో కనబడింది. గోధుమరంగు బయోటైట్ రేకులు బల్లను తిప్పుతుంటే రంగు మార్చుకున్నాయి. మైక్రోక్లైన్ అనే ఫెల్డ్‌స్పార్ మాత్రం అచ్చం గళ్ల తువ్వాలు. రోజూ తొక్కుకుంటూ వెళ్లిన బండ లోపల ఇంత నేత ఉందా అనిపించింది.

క్షేత్ర పర్యటన అంటే నాగార్జునసాగరో, కర్నూలు గుహలో అనుకున్నాం. మా లెక్చరర్ క్లైనోమీటరు, సుత్తి పట్టుకుని సిటీ బస్సులో జూబ్లీ హిల్స్‌కే తీసుకొచ్చారు. నాకు చిన్నతనం అనిపించింది, మా ఇంటి దారే కదా అని. ఆయన ఒక గుండ్రటి బండ ముందు ఆపి, ఇది ఎక్కణ్ణుంచి దొర్లి వచ్చిందని అడిగారు. అందరం తలో కొండ పేరు చెప్పాం. ఎక్కణ్ణుంచీ రాలేదు, పుట్టిన చోటే ఉంది అన్నారు. నేల అడుగున కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గ్రానైట్ అయింది. పైనున్నదంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక బరువు తగ్గి, రాయి పగుళ్లిచ్చి దిమ్మలుగా విడిపోయింది. పగుళ్లలో దిగిన నీరు ఫెల్డ్‌స్పార్‌ను మట్టిగా మార్చింది. మూలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒక వైపు నుంచే. అందుకే ముందు మూలలు పోయి దిమ్మ గుండ్రమైంది. మధ్యలో మిగిలిన పొడే మనం ఇళ్ల ముందు పరిచే మొరం. దాన్ని వాన కడిగేస్తే, బండ మీద బండ ఎవరో పేర్చినట్టు నిలిచింది.

ఆ రోజే ఒక బండలో చెయ్యి వెడల్పు గులాబి చారను, దాన్ని అడ్డంగా తెంచుకుపోతున్న నల్లటి డోలరైట్ గోడను చూపించారు. ఏది దేన్ని కోసుకుని పోతే అది దానికన్నా తర్వాతిది. రాజుల కాలాలు బట్టీ పట్టిన నాకు, తేదీలు లేకుండా చరిత్ర ఎలా రాయాలో అప్పుడు అర్థమైంది.

పక్కనే పునాది కోసం రాయి కొడుతున్న ఒక వడ్డెర పెద్దాయన మా మాటలు విని, "ఏ దిక్కున కొడితే చీలుతదో సార్లు చెప్పలేదా బిడ్డా?" అన్నాడు. సమ్మెటతో తట్టి, చప్పుడు విని, గీత గీసి, వరుసగా చీలలు దింపాడు. రాయి రొట్టెలా రెండయింది. గ్రానైట్‌కు తేలిగ్గా చీలే దిక్కు ఒకటి, మొండికేసే దిక్కు ఒకటి ఉంటాయని పుస్తకాల్లోనూ ఉంది. మా రికార్డులో మాత్రం ఆ పేజీ లేదు. నేను రాసుకున్నాను.

ఈ రాయితో సర్దుకుని బతికినవాళ్లు మనకన్నా ముందు చాలామందే ఉన్నారు. గోల్కొండ కట్టినవాళ్లు పెద్ద బండలను తీసెయ్యకుండా కోటగోడలో కలిపేశారు. కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు ఈ గ్రానైట్ గుట్టల మధ్యే నిలిచింది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ బంజారా హిల్స్‌లో రాళ్లను కలుపుకుని ఇల్లు కట్టుకున్నారు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం గ్రానైట్‌దే. 1976లో అక్కినేని వారు అన్నపూర్ణ స్టూడియోస్ పెట్టింది కూడా గుట్టల నేల మీదే. తర్వాత ఫిల్మ్ నగర్ వచ్చింది. అక్కడొక వింత గమనించండి. సెట్ల మీద కొండలు, గుహలు కావాలంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేస్తారు. అది మోస్ వరుసలో రెండో నంబరు జిప్సంను కాల్చి చేసిన పొడి. గోటికి గీతపడే రాయితో లోపల కొండలు కడుతుంటే, కత్తికి లొంగని రాయిని బయట మందుపెట్టి పేల్చారు. సెలవు రోజుల్లో ఆ పేలుళ్లు విని గాజు తలుపులు గడగడలాడటం మా తరానికి గుర్తుంటుంది.

1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఏర్పడింది. నరేంద్ర లూథర్, ఫ్రౌకే ఖాదర్ లాంటివారు పట్టుబట్టి తిరిగారు. వాళ్ల కృషితో కొన్ని శిలలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. మన చుట్టుపక్కలవే మూడు: ఫిల్మ్ నగర్ దగ్గరి 'మాన్‌స్టర్ రాక్', జూబ్లీ హిల్స్ 'ఒబెలిస్క్', బ్లూ క్రాస్ పక్కనున్న 'టోడ్‌స్టూల్'. కె.బి.ఆర్. పార్కులో మరికొన్ని బతికాయి. మిగతావి సెల్లార్లయ్యాయి. మా లెక్చరర్ నిలబడి పాఠం చెప్పిన బండ చోట ఇప్పుడు మూడంతస్తుల పార్కింగ్ ఉంది. గులాబి చార, నల్ల గోడ నా రికార్డులో పెన్సిలు బొమ్మగా మిగిలాయి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం బడికి ఆడిటోరియం కట్టించాలనుకుంటోంది. మొదటి ప్లాను ప్రకారం ఆటస్థలం మూల బండ పోతుంది. ఆడిటోరియం వద్దని నేననను, వానాకాలం వార్షికోత్సవాలు తడుస్తూ చేసుకున్నవాళ్లం. వేదికను ఉత్తరానికి జరిపితే బండ మిగులుతుందని, నలభై సీట్లు తగ్గుతాయని మన పూర్వ విద్యార్థి అయిన ఇంజనీరు గీసి ఇచ్చాడు. రెండు ప్లాన్లూ సర్వసభ్య సమావేశం ముందుకు వస్తాయి. నా ఓటు రెండోదానికి. సీట్లు కావాలంటే మరోసారి వేసుకోవచ్చు.

ఓటు వేసే ముందు ఒకసారి చూడండి. ఉత్సవం రోజు ఉదయం తొమ్మిదికి నేను బండ దగ్గరే ఉంటాను. కత్తి, పింగాణీ పలక, భూతద్దం తెస్తాను. పిల్లల్ని, మనవల్ని తీసుకురండి. మన సార్లు, టీచర్ల కోసం నీడలో కుర్చీలు వేయిస్తాను.