ఎదురు జప్తు హుకుంనామా

పరదేశపు రేవులో సరకు దోపిడి యైనచో వర్తకుడు ఎవరితో మొఱపెట్టుకొనవలెను? తన రాజు అధికారము అచట చెల్లదు. ఆ దేశపు రాజునకు ఇతడు పరాయివాడు. మధ్యయుగమున ఐరోపావారు ఈ చిక్కునకు ఒక విచిత్రమైన ఉపాయము కనిపెట్టిరి. దానిని ఆంగ్లేయులు ‘లెటర్ ఆఫ్ మార్క్’ అనిరి. మన కచేరీ భాషలో ఎదురు జప్తు హుకుంనామా యనవచ్చును.

1295వ సంవత్సరపు వ్యవహార మొకటి దీనికి చక్కని నిదర్శనము. బెర్నార్డ్ డోంగ్రెసిల్ అనునతడు బయోన్ పట్టణపు వర్తకుడు. నేడు ఫ్రాన్సులోనున్న ఆ పట్టణము నాడు ఇంగ్లండు రాజునకు చెందిన గాస్కనీ సీమలోనిది. ఇతడు ఉత్తరాఫ్రికా నుండి బాదము, ఎండుద్రాక్ష, అంజూరములు ఓడ కెత్తించి ఇంగ్లండునకు తెచ్చుచుండగా, గాలివానకు చిక్కి పోర్చుగల్ తీరమున లాగోస్ చెంత లంగరు వేయవలసి వచ్చెను. లిస్బనునకు చెందిన సాయుధులు ఓడను సరకుతో గూడ పట్టుకొనిపోయిరి. దోపిడిలో పదియవ వంతు పోర్చుగల్ రాజే పుచ్చుకొనెనని ఫిర్యాదు. వాటాదారునే న్యాయమడుగుట యెట్లు? డోంగ్రెసిల్ 700 పౌన్ల నష్టము లెక్క చూపి, గాస్కనీలోని రాజప్రతినిధి జాన్ ఆఫ్ బ్రిటనీకి అర్జీ పెట్టుకొనెను. పోర్చుగీసువారి సరకులు, ముఖ్యముగా లిస్బను వారివి, ఎచట చిక్కినను పట్టుకొని నష్టము తీరువరకు రాబట్టుకొనవచ్చునని ఉత్తర్వు దొరకెను. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు దానిని స్థిరపరచెను.

ఇది విచ్చలవిడి దోపిడి కాదు. ముందు నష్టమును రుజువు చేయవలెను. పరరాజును న్యాయము కోరవలెను. అతడు నిరాకరించినగాని హుకుము పుట్టదు. బాకీ తీరినంతనే అది చెల్లిపోవును. గుమాస్తాగిరీ చేసిన వారికి ఈ క్రమము ముచ్చట గొలుపును!

కాని ఎవని సరకు జప్తగుచున్నదో వాడు దొంగ కాడు, దొంగ ఊరివాడు మాత్రమే. తరములుగా పొరుగు భాషల నడుమ కాపురముండు మనవంటి వారికి ఇందలి అన్యాయము విడమరచి చెప్పనక్కరలేదు. ఆంగ్లేయులకును ఇది తోచకపోలేదు. ఒకని అప్పునకు మరియొక విదేశవర్తకుని పట్టరాదని 1353 నాటి శాసనములో వ్రాసికొనిరి. ఆ వెంటనే, పరరాజులు న్యాయము చేయనిచో మార్క్ హక్కు మాకుండునని చేర్చిరి! కాలక్రమమున ఈ పత్రములు యుద్ధకాలమున శత్రునౌకలను కొల్లగొట్టుటకు లైసెన్సులుగా మారెను. 1856లో పారిస్ ప్రకటనపై సంతకము చేసిన రాజ్యములు అట్టి ప్రైవేటు నౌకాయుద్ధమును రద్దుపరచెను. అమెరికా అందు చేరలేదు. ఆ పత్రముల నిచ్చు అధికారము నేటికిని దాని రాజ్యాంగములో నున్నది.

ఆ పదమూడవ శతాబ్దముననే మన తీరమున వర్తకుని భయమును తీర్చిన తీరు వేరు. అచటి విషయము పరరాజుల దోపిడి కాదు, రేవు నేలు రాజు దోపిడియే. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన మోటుపల్లి అభయశాసనము దానిని దాచలేదు. తుపానుకు గుఱియై ఒడ్డునబడిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని పూర్వరాజులు బలాత్కారముగ లాగికొనుచుండిరని అందు స్పష్టముగ గలదు. ప్రాణములకు తెగించి సముద్రయానము చేయువారిపై కరుణతో, కీర్తిని ధర్మమును గోరి, నియతమైన సుంకము తప్ప తక్కినదంతయు వదలుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట నొకవంతు. రాజు తన చేతినే కట్టివేసికొన్నాడు. ఇందు ఏ మూడవవానికిని నష్టము లేదు.

రాజవంశము మారినను రేవునకు అభయము మరల కావలసివచ్చెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మరియొక శాసనము వేయించెను. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో నున్నది.