ష్వార్ట్జ్‌ను బొంబాయికి రప్పించిన బాపట్ల విద్యార్థి

ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి ఫ్రెంచి గణితవేత్త లోరాన్ ష్వార్ట్జ్. ఫిజిక్సు వాళ్లు పునాది లేకుండానే వాడేస్తున్న డిరాక్ డెల్టా వంటి వాటికి ‘డిస్ట్రిబ్యూషన్ల సిద్ధాంతం’తో గట్టి పునాది వేసినందుకు 1950లో ఆ పతకం వచ్చింది. 1950ల మధ్యలో ఆయన బొంబాయి వచ్చి, టాటా మౌలిక పరిశోధన సంస్థలో పాఠాలు చెప్పారు. పిలిపించింది మన కొమరవోలు చంద్రశేఖరన్.

చంద్రశేఖరన్ 1920 నవంబరు 21న బందరులో పుట్టారు. హైస్కూలు చదువు బాపట్లలో సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. చేశాక, కేంబ్రిడ్జిలో రామానుజన్‌తో పరిచయమున్న ఆనందరావు దగ్గర మద్రాసులోనే 1942లో డాక్టరేటు పూర్తి చేశారు. అక్కణ్ణుంచి ప్రిన్స్‌టన్ వెళ్లి, గణితవేత్త బోఖ్నర్‌తో కలిసి ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్‌ల మీద పుస్తకం రాశారు. 1949లో టాటా సంస్థ స్థాపకుడు హోమీ భాభా పిలుపు అందుకుని బొంబాయి చేరారు.

అప్పట్లో ఆ సంస్థ గేట్‌వే ఆఫ్ ఇండియా పక్కన పాత యాట్ క్లబ్ భవనంలో ఉండేది. పెద్ద లెక్కలు నేర్వాలంటే ఓడెక్కాల్సిన రోజులవి. చంద్రశేఖరన్ దాన్ని తిరగేశారు: గురువులనే ఇక్కడికి రప్పించారు. వచ్చినవారు వారాల తరబడి పాఠం చెప్పాలి, ఒక కుర్రాడు దాన్ని శుభ్రంగా నోట్సుగా రాయాలి, సంస్థ దాన్ని అచ్చేయాలి. రాసే పని పడితే ఏ మెట్టూ దాటేసేందుకు వీల్లేదు. అర్థం కాకపోతే వెళ్లి అడగాల్సిందే.

ష్వార్ట్జ్ పాఠాలకు నోట్సు రాసిన కుర్రాడు ఎం.ఎస్. నరసింహన్.

1956లో జీటా ఫంక్షన్ల మీద అంతర్జాతీయ సదస్సు కూడా బొంబాయిలోనే జరిగింది. మరుసటి ఏడు నరసింహన్, ఆయన తోటి విద్యార్థి సి.ఎస్. శేషాద్రి పారిస్ వెళ్లి మూడేళ్లు ఉన్నారు. తిరిగొచ్చి 1965లో ఇద్దరూ కలిసి ప్రచురించిన సిద్ధాంతం ఇప్పటికీ వాళ్ల పేర్లతోనే ప్రపంచమంతా చలామణీలో ఉంది.

చంద్రశేఖరన్‌కు 1959లో పద్మశ్రీ, 1963లో భట్నాగర్ బహుమతి వచ్చాయి. 1965లో జ్యూరిచ్ వెళ్లిపోయారు. 1971 నుంచి 1974 దాకా అంతర్జాతీయ గణిత సమాఖ్యకు అధ్యక్షులు. ఫీల్డ్స్ పతకాలు ఇచ్చేది ఆ సమాఖ్యే. 2017 ఏప్రిల్‌లో జ్యూరిచ్‌లోనే కన్నుమూశారు.

ఆనాటి నోట్సులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో లెక్కలు చెప్పే మాస్టర్లు వాటిలో ఒక్కటైనా తెరిచి, పిల్లల ముందు పెట్టాలి.