వైరస్ ఆకారంలో బంగారు రేణువులు: జీవకణం లోపలి సంగతుల్ని వెలుగుతో చదవడం



మేఖ్రి సర్కిల్ వైపు వెళ్లేటప్పుడు రామన్ పరిశోధన సంస్థను మీలో చాలామంది చూసే ఉంటారు. సర్ సి.వి. రామన్ 1948లో దాన్ని స్థాపించారు. ఆయన పుట్టింది తిరుచిరాపల్లిలో అయినా, స్కూలు చదువు సాగింది మన విశాఖపట్నంలోనే. తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. రామన్ 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కనిపెట్టిన విషయం ఇవాళ జీవకణం లోపల ఏం జరుగుతోందో చూడటానికి పనికొస్తోంది. అదెలాగో తెలుసుకుందాం.

రామన్ ప్రభావం అంటే ఏంటి?

ఒక పదార్థం మీద ఒకే రంగు వెలుగు పడితే, చెదిరిన వెలుగు దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. సుమారు కోటి ఫోటాన్లలో ఒక్కటి మాత్రం అణువును కంపింపజేసి, కొంచెం శక్తి అక్కడే వదిలేసి, రంగు మారి బయటికొస్తుంది. ఎంత మారుతుందన్నది ఆ అణువులోని బంధాలను బట్టి ఉంటుంది. వీణ నాదం వేరు, మృదంగం నాదం వేరు. వినగానే గుర్తుపడతాం కదా! అలాగే ప్రతి అణువుకీ తనదైన వేలిముద్ర ఉంటుందన్నమాట. చిక్కేంటంటే, కోటికొక్కటి అంటే సంకేతం చాలా బలహీనం.

బంగారం ఎందుకు?

1974లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ యూనివర్సిటీలో, గరుకు చేసిన వెండి మీద ఉన్న అణువుల రామన్ సంకేతం బాగా బలంగా కనిపించింది. లోహమే సంకేతాన్ని పెంచుతోందని 1977లో తేలింది. వెలుగు తగిలినప్పుడు లోహంలోని ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా ఊగుతాయి. దాంతో ఉపరితలానికి ఆనుకుని ఉన్న చోట వెలుగు బలం ఎన్నో రెట్లవుతుంది. అక్కడున్న అణువు సంకేతం లక్షల రెట్లు పెరగొచ్చు. వెండి కణాలకు హాని చేయొచ్చు, త్వరగా పాడవుతుంది కూడా. అందుకే జీవకణాల పనికి ఎక్కువగా బంగారాన్ని ఎంచుకుంటారు.

ముళ్లు ఎందుకు?

ఉమ్మెత్తకాయ చూశారా? గుండ్రంగా ఉండి, చుట్టూ ముళ్లుంటాయి. కరోనా వైరస్ కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, సైజు మాత్రం దాదాపు 100 నానోమీటర్లు. మన వెంట్రుక మందం దానికి కొన్ని వందల రెట్లు. బంగారు రేణువుకీ అలాంటి ముళ్లు పెంచితే రెండు లాభాలు. ఒకటి, మొనల దగ్గర వెలుగు బలం ఎక్కువగా పోగవుతుంది. రెండు, పల్లేరుకాయ బట్టకి అంటుకున్నట్టు, ముళ్లున్న రేణువు కణం పొరకి బాగా అతుక్కుని లోపలికి వెళ్లే అవకాశం ఉంటుంది. కణమే దాన్ని ఒక చిన్న సంచిలా చుట్టి లోపలికి తీసుకుంటుంది.

ఎలా చదువుతారు?

గంధకం ఉన్న అణువులు బంగారానికి గట్టిగా అతుక్కుంటాయి. చుట్టూ ఆమ్లత్వం మారితే తన వేలిముద్ర మార్చుకునే అణువును అలా అతికిస్తారు. లేజర్ వేసి, వచ్చిన వెలుగును విడదీసి చూస్తే కణం లోపలి ఆమ్లత్వం తెలుస్తుంది. చాలా క్యాన్సర్ గడ్డల చుట్టూ ఆమ్లత్వం ఎక్కువ కాబట్టి ఇలాంటి కొలతలు ముఖ్యం. కణాన్ని చంపకుండానే చదవొచ్చు, అసలు విలువ అదే.

పెద్దల సందేహాలు

ఇది వైరస్సా? కాదండి. పోలిక ఆకారంలోనే. ఇందులో జన్యుపదార్థం ఏమీ లేదు, పెరగదు, అంటుకోదు.

ఆసుపత్రిలో ఈ పరీక్ష చేయించుకోవచ్చా? ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది, ఎక్కువగా ల్యాబ్‌లో పెంచిన కణాల మీదే. శరీరంలోకి వెళ్లిన రేణువుల మీద ప్రొటీన్లు పేరుకుంటాయి. కాలేయంలో, ప్లీహంలో చాలాకాలం ఉండిపోవచ్చు. కాబట్టి "నానో బంగారం" పేరుతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలు చూసి డబ్బు పోసుకోకండి, ముందు డాక్టరుగారిని అడగండి. అయితే మామూలు గుండ్రటి బంగారు రేణువులు ఇప్పటికే మన ఇళ్లకొచ్చాయి. చాలా కోవిడ్ టెస్ట్ కిట్లలో కనిపించే ఎర్రగీత వాటిదే.

మన దగ్గర ఎవరు చేస్తున్నారు?

బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో చంద్రభాస్ నారాయణ బృందం ఈ పద్ధతితో ప్రొటీన్లను పరిశీలించింది. హైదరాబాద్ యూనివర్సిటీలో సోమా వేణుగోపాల్ రావు బృందం ఇదే సూత్రంతో పేలుడు పదార్థాల ఆనవాళ్లు పట్టే పని చేసింది.

పిల్లలూ, ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. ఒక థర్మోకోల్ బంతి, కొన్ని టూత్‌పిక్‌లు, బంగారు రంగు ఉంటే మోడల్ తయారైనట్టే. పక్కన ఈ విషయాన్ని మీ మాటల్లో, తెలుగులో రాయండి. లేజర్ పాయింటర్ మాత్రం ఎవరి కళ్లలోకీ వేయొద్దు.