అటక మీది ఇనుప పుల్ల: గంటం పుట్టుపూర్వోత్తరాలు

పాత ఇళ్ల అటకల మీదనో, భోషాణాల అడుగుననో జానెడు పొడవున, ఒక కొస సూదిమొనగా, మరో కొస చిన్న కత్తిగా ఉన్న ఇనుప పనిముట్టు దొరికితే, దానిని ఆయుధమనో వైద్యుని శస్త్రమనో భ్రమించేవారు కొందరైతే, పాత ఇనుము కింద తూకానికి వేసేవారు మరికొందరు. తరచుగా అది గంటం, అనగా తాటాకుపై అక్షరాలు గీసే లేఖిని. కత్తికొస ఆకు అంచులు సరిచేయడానికి ఉద్దేశించినది.

ఉత్తరాదిన శ్రీతాళపత్రాలపై కలంతో, సిరాతో రాసే పద్ధతి ప్రబలగా, దక్షిణాదిన ఆకు పైపొరను గంటంతో గీసి, ఆ గీతల్లోకి దీపపు మసిని పట్టించి, పైన మిగిలినదాన్ని తుడిచివేసే పద్ధతి స్థిరపడింది. లేఖకుడు ఆకును ఎడమచేత పట్టి, ఆ చేతి బొటనవేలినే గంటానికి ఆనుగా నిలిపి, ఆకును జరుపుకుంటూ రాసేవాడు. ఈనెల వెంట గీసిన అడ్డగీత ఆకును చీల్చుతుంది కనుక తెలుగు లిపి గుండ్రబడిందని పలువురు పండితులు భావించారు గాని, సరళరేఖలున్న తమిళ లిపి కూడా గంటంతోనే సాగినందువల్ల ఆ ఒక్క కారణం చాలదు.

19వ శతాబ్దిలో కాగితం, అచ్చు వ్యాపించేకొద్దీ గంటానికి పని తగ్గింది, సి.పి. బ్రౌన్ (1798–1884) పండితులకు జీతాలిచ్చి తాళపత్ర ప్రతులను కాగితంపైకి ఎత్తించినది ఈ సంధికాలంలోనే.

గంటం దొరికిన చోట తాటాకుల కట్ట కూడా ఉండవచ్చు గనుక చుట్టుపక్కల వెదకడం మేలు. పుష్పిక, అంటే గ్రంథాంతంలో లేఖకుడు చేర్చే వాక్యం, రాత ముగిసిన సంవత్సరం పేరు చెప్పవచ్చు. అయితే 60 ఏళ్లకొకసారి తిరిగి వచ్చే ఆ పేరు, శకవర్షం తోడు లేనిదే, కాలనిర్ణయానికి నిలవదు. అతుక్కున్న ఆకులను విడదీయబోతే పైపొర అక్షరాలతో సహా ఊడివస్తుంది. ఎండ పెడితే ఆకు పెళుసెక్కుతుంది. తాడు తెంచి ఆకులు కలగలిపితే గ్రంథక్రమమే చెడుతుంది. కట్టను పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి నీడన ఉంచాలి. గంటాన్ని గరుకు కాగితంతో రుద్దరాదు, ఇత్తడిదైతే చింతపండుతో తోమరాదు. తుప్పుపట్టిన మొన గుచ్చుకుంటే ధనుర్వాతం ముప్పుంటుంది గనుక పిల్లలకు అందనీయరాదు.

చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతి 75 ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. దేశం దాటించడం నేరమవుతుంది. చదవలేని కట్ట దొరికినవారు దానిని నదిలో కలపక, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట చూపించాలి, గంటాన్ని కూడా వెంట తీసుకువెళ్లాలి.