సారా పాటల నుంచి శ్వాస పరీక్ష దాకా

తాగి బండి నడపడం నేరమని 1939 నాటి మోటారు వాహనాల చట్టమే చెప్పింది. కానీ అందులో కొలత లేదు. డ్రైవరు బండిని అదుపులో పెట్టుకోలేనంత మత్తులో ఉన్నాడని సాక్షులతో రుజువు చేయాలి. 1954లో అమెరికాలోని ఇండియానాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ ఊపిరిలోని ఆల్కహాలును లెక్కగట్టే పరికరం చేశాక సాక్షి స్థానంలోకి అంకె వచ్చింది. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల హద్దు 1994 నవంబరులో అమల్లోకి వచ్చింది.

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో అప్పటికి మద్యం గొడవ వేరేలా నడుస్తోంది. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడ్డారు. వాళ్లలో ఒకరైన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. పొట్లాల్లో అమ్మే సారా ఊళ్లోకి రాకుండా అడ్డుకున్నారు, నెల్లూరులో సారా వేలం పాటలను నిలవరించారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమే అమలైంది. హద్దు మేరకు తాగినవాణ్ని వదిలేసే కేంద్ర చట్టానికి రెండు నెలలు నిండగానే, చుక్క కూడా కూడదనే రాష్ట్ర చట్టం వచ్చిందన్నమాట, కాగితం మీదైనా!

1997లో నిషేధం సడలింది. కొట్లు తెరిచాక పట్టింపు కొట్టు దగ్గర నుంచి రోడ్డు మీదికి మారింది. దూబగుంట ఆడవాళ్ల కోపం అమ్మేవాడిపై. ‘మిషన్‌లో ఊదమనే’ పోలీసు పట్టుకునేది తాగినవాణ్ని. అమ్మేది సర్కారే, పట్టేదీ సర్కారే అన్న విసురు ఇక్కడే పుడుతుంది. రాత్రి బస్సు లేని ఊరికి మోటారుసైకిలే దిక్కైనప్పుడు ఆ విసురుకు బలమూ ఎక్కువే. అయితే తాగనివాడికి ఎదురొచ్చే బండి భయం అంతకంటే పెద్దది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1976 నుంచే అనుమానంతో పనిలేకుండా ఎవరినైనా ఆపి ఊదిస్తోంది. మన ఇప్పటి మోటారు వాహనాల చట్టంలోని 203వ సెక్షన్ మాత్రం పోలీసుకు సహేతుకమైన అనుమానం ఉండాలంటుంది. నాకాబందీలో వరసగా అందరికీ గొట్టం అందించేటప్పుడు ఈ షరతు ఎవరికీ గుర్తుండదు.

2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం అమ్మకూడదంది. మరుసటి ఏడాది పట్టణ పరిధులకు మినహాయింపు దక్కింది. 2019 సెప్టెంబరు 1 నుంచి తొలి తప్పుకు జరిమానా 2,000 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మళ్లీ దొరికితే 15,000, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. హెల్మెట్ చలానాలా రోడ్డు మీదే కట్టి పోయే వీల్లేదు, మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిందే.