అన్‌సీన్ ప్యాసేజ్ కథ

ఫిబ్రవరి వచ్చిందంటే పదో తరగతి పిల్ల ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో షోలాపూర్ పూర్వభాగంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కుంభారిలోనూ అంతే. తల్లి గడప దగ్గర చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతుంటుంది. పిల్ల గోడకు ఆనుకొని గైడు తెరిచి ఇంగ్లీషు పేరా ఒకటి పైకి చదువుతుంటుంది.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?"

"ప్యాసేజ్ అమ్మా. ఉతారా."

మరాఠీ బడిలో ప్యాసేజ్‌ను ఉతారా అంటారు. తల్లికి తెలిసిన ఉతారా ఒక్కటే, తలాఠీ దగ్గర తెచ్చుకునే సాత్‌బారా. పొలం కాయితం గురించి ఆడపిల్లను పరీక్షలో ఎందుకు అడుగుతారో ఆమెకు అంతుపట్టదు. నవ్వుకోవటానికి బాగానే ఉంటుంది. కాని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి చాలావరకు ఆ రెండు ఉతారాల మధ్యనే ఉంది.

కుంభారి దక్షిణ షోలాపూర్ తాలూకాలో, అక్కల్‌కోట రోడ్డు మీద ఉన్న ఊరు. బీడీ కార్మిక స్త్రీల కోసం గోదూతాయి పరులేకర్ పేరిట అక్కడ కట్టిన 10,000 ఇళ్ళను 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా అప్పగించారు. ఆ తర్వాత రే నగర్ వచ్చింది. 30,000 ఇళ్ళ పథకం అది. అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. ఈ రెండింటి వెనుకా ఏళ్ళ తరబడి నడిచిన ఉద్యమానికి నాయకుడు, మనవాళ్ళు ఆడం మాస్తర్ అని పిలుచుకునే నర్సయ్య ఆడం. ఆ ఇళ్ళల్లో అన్ని భాషలవాళ్ళూ ఉన్నారు. అయితే బీడీ చుట్టే చేతుల్లో ఎక్కువ భాగం మన పద్మశాలి స్త్రీలవే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని తాతలు వచ్చారు. 1877లో జూనీ మిల్లు తిరగటం మొదలయ్యాక మరికొందరు మిల్లును నమ్ముకొని వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో హిందీ, పక్కింట్లో కన్నడం. వీటన్నిటి తర్వాత, పరీక్ష హాల్లో ఇంగ్లీషు.

మన ప్రాంతంలో ఇంగ్లీషు పరీక్ష అనేది బొంబాయి విశ్వవిద్యాలయంతో మొదలైంది. 1857లో విశ్వవిద్యాలయం పెట్టారు, 1859లో మొదటి మెట్రిక్యులేషన్ జరిపారు. మహాదేవ గోవింద రానడే ఆ మొదటి జట్టులో నెగ్గినవాడే. ఆ కాలంలో ఇంగ్లీషు పరీక్ష అంటే వ్యాకరణం, అనువాదం, ఇచ్చిన భాగాన్ని తన మాటల్లో తిరిగి రాయటం. కుర్రవాడికి అర్థమైందా లేదా అన్నది అతను రాసిన వాక్యాన్ని బట్టి తెలిసేది. దిద్దటానికి ఓపిక ఉన్న మనిషి కావాలి, చదివేవాళ్ళు కొద్దిమందే కనుక సరిపోయింది.

బడికి వచ్చే పిల్లలు వేలు, లక్షలు అయ్యాక ఆ పద్ధతి నడవలేదు. అమెరికాలోని కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన 1915 ప్రాంతంలో మౌనపఠన పరీక్ష ఒకటి తయారు చేశాడు. ఇచ్చిన జవాబుల్లో సరైనదానికి గుర్తు పెడితే చాలు. ఎవరు దిద్దినా ఒకే మార్కు వస్తుంది. ఇవాళ మన పిల్లలు గళ్ళు నింపే ప్రతి పరీక్షకూ మూలం అక్కడే ఉంది. రెండేళ్ళ తర్వాత, 1917లో, థారన్‌డైక్ అనే మనస్తత్వశాస్త్రవేత్త పేరా ముందు పెట్టుకొని కూడా పిల్లలు తప్పు జవాబులు ఎందుకు రాస్తారో పరిశీలించాడు. ఏదో ఒక మాట కంటికి గట్టిగా తగులుతుంది, మిగతా వాక్యాన్నంతా అదే మింగేస్తుంది అని ఆయనకు తేలింది. చదవటం కూడా ఒక రకమైన ఆలోచనే అన్నాడు. ఇద్దరూ ఒకే కాలంవాళ్ళు. లోకం కెల్లీ మాట పట్టుకొని థారన్‌డైక్ మాట పక్కన పెట్టిందని నాకనిపిస్తుంది.

మనకు ఎక్కువ పనికొచ్చే మనిషి మూడోవాడు. పేరు మైకేల్ వెస్ట్. ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో చేరి బెంగాలులో, ముఖ్యంగా ఢాకాలో పనిచేసినవాడు. 1926లో బెంగాలు పిల్లల రెండు భాషల చదువు మీద పెద్ద పుస్తకం ప్రకటించాడు. ఆయన చూసింది ఏమిటంటే, ఇంగ్లీషు మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది చివరిదాకా ఉండరు. మధ్యలోనే మానేస్తారు. పదేళ్ళ చదువుకు సరిపడా లెక్క వేసుకొని పాఠాలు చెప్తున్నాం, నాలుగేళ్ళకే వెళ్ళిపోయే పిల్లవాడి చేతిలో ఏం మిగులుతోంది? దీనికి ఆయన బీమా వ్యాపారం నుంచి ఒక మాట తెచ్చాడు: సరెండర్ వాల్యూ. ఎల్ఐసీ పాలసీ కట్టలేక మధ్యలో వదులుకున్న ఇంటికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కట్టిన కిస్తీలలో ఎంత తిరిగి వస్తుందో అది. కొన్ని పాలసీలకు మొదటి ఏళ్ళలో ఏమీ రాదు.

మాట్లాడటం, రాయటం సగంలో ఆగితే దక్కేది స్వల్పం. చదవటం అలా కాదు, ఎక్కడ ఆగినా అక్కడిదాకా పనికొస్తుంది. కాబట్టి ముందు చదవటం నేర్పండి అన్నాడు వెస్ట్. ఊరికే అనలేదు. అప్పటి వాచకాలు తిరగేసి, అడుగడుగునా కొత్త మాటలే అడ్డుపడుతున్నాయనీ, అవీ పెద్దగా వాడుకలో లేని మాటలనీ చూశాడు. వాటి చోట మామూలు మాటలు పెట్టి, ఒక కొత్త మాటకూ ఇంకో కొత్త మాటకూ మధ్య ఎడం ఉంచి పాఠాలు తిరగరాశాడు. ఆయన వాచకాలు తర్వాత చాలా దేశాల్లో నడిచాయి. సామ్రాజ్యపు ఉద్యోగి కదా, పిల్లవాడు నోరు విప్పకుండా చదువుకుంటే చాలనుకున్నాడేమో అన్న అనుమానం న్యాయమైనదే. అయినా, బడి మానేయబోయే పిల్లను లెక్కలోకి తీసుకొని ఇంగ్లీషు చదువును కొలిచాడు. ఆ పని చేసినవాళ్ళు ఎక్కువమంది లేరు.

మరి మన గైడులోని పేరాకు సరెండర్ వాల్యూ ఎంత? ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. ఈ వాక్యం చూడండి: "బుడుకలు సాయంత్రం చిరంకి వెళ్ళి మూడు లపలు తెచ్చాయి." బుడుకలు ఎక్కడికి వెళ్ళాయి? చిరంకి. ఎన్ని లపలు తెచ్చాయి? మూడు. ఎప్పుడు వెళ్ళాయి? సాయంత్రం. మూడు ప్రశ్నలకూ మూడు సరైన జవాబులు, పూర్తి మార్కులు. బుడుక అంటే ఏమిటో రాసినవాడికీ తెలియదు, చదివినవాడికీ తెలియదు. ప్రశ్నలోని మాటను పేరాలో వెతికి పట్టుకొని, ఆ పక్క మాటను దించటం నేర్పితే ఇంగ్లీషులోనూ ఇదే జరుగుతుంది. గైడులు, ట్యూషన్లు పిల్లలకు ఎక్కువగా నేర్పేది ఈ వెతుకులాటే. మార్కులు వస్తాయి కనుక తప్పు పట్టటానికి నోరు రాదు. సొంత వాక్యంలో చెప్పమన్న ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోతుంది.

ఈ విద్యను చైనావాళ్ళు చూసినంత పెద్ద ఎత్తున ఇంకెవరూ చూసి ఉండరు. 1966లో ఆగిన వాళ్ళ కాలేజీ ప్రవేశ పరీక్ష 1977 శీతకాలంలో తిరిగి మొదలైంది. ఆ ఏడు సుమారు 57 లక్షలమంది రాస్తే 2 లక్షల 70 వేల చిల్లరమందికే సీట్లు దొరికాయి. మొదట్లో ఇంగ్లీషు మార్కులను పూర్తిగా కలిపేవారు కాదు. 1983 నుంచి పూర్తిగా లెక్కించసాగారు. ఇప్పుడు ఇంగ్లీషు పేపరు 150 మార్కులకైతే అందులో 50 మార్కులు చదివి అర్థం చేసుకొనే భాగానివే. నాలుగు ప్యాసేజీలు, 15 ప్రశ్నలు. ఆపైన అయిదు ఖాళీలున్న మరో పేరా ఇచ్చి, ఏడు వాక్యాల్లో అయిదింటిని ఏరి సరైన చోట పెట్టమంటారు. ఈ చివరిది నాకు నచ్చింది. మాటకు మాట వెతికితే ఇది తెమలదు, పేరా ఎటు పోతోందో తెలియాలి. 2024లో ఈ పరీక్షకు 1 కోటి 34 లక్షలమంది పేర్లిచ్చారు. అక్కడి పిల్లలూ మన పిల్లల్లాగే ఏడాది పొడవునా పాత పేపర్లు నూరేవాళ్ళే. మనవంటి అల్పసంఖ్యాక భాషలవాళ్ళు గమనించవలసినది ఇంకొకటుంది. యన్‌బియన్ ప్రాంతపు కొరియన్ పిల్లలు చాలాకాలం ఈ ప్రవేశ పరీక్షను కొరియన్ భాషలోనే రాశారు. విదేశీ భాషగా ఇంగ్లీషుకు బదులు తమ భాషకు దగ్గరగా ఉండే జపనీస్‌ను తీసుకున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో.

మన దగ్గర ఏం జరిగింది? స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో ఖేర్ ప్రభుత్వం ఇంగ్లీషును ఎనిమిదో తరగతికి జరిపింది. తర్వాత అది అయిదో తరగతికి దిగివచ్చింది. 2000 నుంచి మహారాష్ట్ర బడులన్నిటిలో ఒకటో తరగతిలోనే మొదలైంది. తెలుగు సంగతికి వస్తే, ఒక బడిలో 40 మంది గాని ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే మాతృభాషలో చెప్పే టీచరును వేయాలని 1949లో విద్యామంత్రులు ఒప్పుకున్నారు. 1956లో ఏడవ సవరణతో 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. 1967లో పుట్టిన బాలభారతి తెలుగులో కూడా వాచకాలు అచ్చు వేసింది. షోలాపూర్ మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం నడిచింది. పద్మశాలి శిక్షణ సంస్థ వంటివి సమాజం సొంతంగా నిలబెట్టుకున్నవి. ఇవన్నీ గొప్ప పనులే. కాని రాజ్యాంగం మాట ఇచ్చింది ప్రాథమిక తరగతుల వరకే. ఇంగ్లీషు పేరా బరువెక్కేది ఆ తర్వాత.

పదో తరగతిలో ఇంగ్లీషును మూడో భాషగా తీసుకున్న పిల్లల పేపరు 80 మార్కులకు ఉంటుంది. పుస్తకంలో లేని పేరాకు 10 మార్కులు, దాన్నే కుదించి రాసి పేరు పెట్టినందుకు 5. చివర 5 మార్కులకు ఒక అనువాదం ఉంటుంది. ఇచ్చిన ఇంగ్లీషు మాటల్ని, వాక్యాల్ని, సామెతల్ని మీ బోధనా మాధ్యమంలోకి మార్చండి అంటారు. మీ మాతృభాషలోకి అనరు. మరాఠీ బడిలో చదివే కుంభారి పిల్ల ఆ సామెతను మరాఠీలో రాస్తుంది. బాగానే రాస్తుంది కూడా. ఇంట్లో అవ్వ రోజుకు పది సామెతలు వదులుతుంది. వాటిలో ఒక్కటైనా ఆ ఇంగ్లీషు సామెతకు జోడీ అని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు.

నేత గురించిన పేరా ఒకటి వచ్చిందనుకోండి. షోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు కదా, రావటంలో వింత లేదు. అందులో వార్ప్, వెఫ్ట్ అని రెండు మాటలు. పిల్ల గైడు చూస్తుంది. తాణా, బాణా అని ఉంటుంది. బట్టీ పడుతుంది. తాతలు ఏ పడుగు, ఏ పేక మీద బతికి ఈ ఊరు వచ్చారో ఆ పడుగూ పేకలే ఇవి. పడుగు ఎక్కించటంలో ఉండే కష్టం, తెగిన పోగును ముడి వేసే ఒడుపు అవ్వకు చేతివేళ్ళలో ఉన్నాయి. ఇంగ్లీషు మాట మరాఠీ దాకా వచ్చి ఆగిపోయింది, ఆ గుమ్మం దాటి ఇంట్లోకి రాలేదు. నలుగురు దేశాల పిల్లలతో పోటీ పడి మరీ అర్థం చేసుకోగల పేరా అది, ఆ పిల్లకు ఊరూపేరూ లేని బుడుకల కథ అయిపోయింది.

మరాఠీ మీద కోపంతో ఈ మాట అనటం లేదు. మరాఠీ మనకు అన్నం పెట్టిన భాష. ఆ పిల్లకు మరాఠీ సొంతమే, ఒక్కోసారి తెలుగుకంటే ఎక్కువ సొంతం. ట్యూషన్ చెప్పే మన కుర్రవాళ్ళు, అమ్మాయిలు చాలామంది తెలుగు ఇళ్ళవాళ్ళే. గంటలో పది నిమిషాలు గైడు మూయించి, ఆ పేరా మీ అవ్వకు చెప్పినట్టు తెలుగులో చెప్పు అని అడగటానికి వాళ్ళకు ఏ బోర్డు అనుమతీ అక్కరలేదు. చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిందో అక్కడే తెలిసిపోతుంది. పైగా పేరాను కుదించి రాసే ఆ 5 మార్కులకు ఇంతకంటే మంచి సాధన లేదు.

కుంభారి ఇంట్లో ఇంగ్లీషు ఇప్పటికే చాలా ఉంది. మందుల రేకు మీద గడువు తేదీ, చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి అన్న హెచ్చరిక, బ్యాంకు పాస్‌బుక్కులో పొట్టి అక్షరాల గుర్తులు, బీమా పాలసీ వెనుక పేజీలో చీమలంత అక్షరాలు. మార్చి పరీక్ష అయిపోయాక, ఫలితం ఏదైనా, పిల్ల పై చదువుకు పోయినా చేట ముందు కూర్చున్నా, ఆ కాయితాలు ఇంట్లోనే ఉంటాయి. సాయంత్రం బీడీ కట్టలు ఇచ్చి వచ్చిన తల్లి సంచిలోంచి ఒకటి తీసి, ఇందులో ఏముందో చూడు బిడ్డా అంటుంది.